కుంకుడు రసం, షాంపూ పొట్లం, బోరు నీళ్లు

గద్వాల చీర కొనుక్కొచ్చిన వాళ్లకు ఇంట్లో పెద్దవాళ్లు ఒక మాట చెబుతారు. బట్టల సబ్బు తగలనీయొద్దని, కుంకుడు రసంలో నాలుగు ముంచులు ముంచి నీడకు ఆరెయ్యమని. ఆ మాటలోని రసాయన శాస్త్రం తెలిస్తే ఈ అధ్యాయంలో సగం తెలిసినట్టే. గద్వాల చీరకు ఒళ్లంతా నూలు, అంచూ కొంగూ పట్టు. రెండు రకాల దారాలను మగ్గం మీదనే ఒకదానికొకటి మెలేసి కలుపుతారు. ఆ పనితనాన్ని కుప్పడం అంటారు. నూలు అంటే సెల్యులోజ్, మొక్క పేర్చిన చక్కెర అణువుల గొలుసు. పట్టు అంటే పురుగు వడికిన ప్రోటీన్. రేవులో రజకులు చౌడు మట్టి వేసి, సోడా వేసి ఉడకబెట్టినా నూలు తట్టుకుంటుంది. అదే క్షారం తగిలితే పట్టు మెరుపు పోతుంది, పోగులో బలం తగ్గుతుంది. అందుకే చీరలో ఎక్కువ భాగం నూలే అయినా ఉతుకు మాత్రం పట్టును బట్టి సాగాలి.

తల వెంట్రుక కూడా పట్టు పక్షమే. అదీ ప్రోటీనే, పేరు కెరటిన్. పట్టులో లేనంత గంధకం కెరటిన్‌లో ఉంటుంది. వెంట్రుక కాలితే వచ్చే ఆ ఘాటు వాసన ఎక్కువగా గంధకానిదే. ఆ గంధకపు బంధాల వల్లే వెంట్రుక లాగినా తొందరగా తెగదు. అయినా క్షారానికి మాత్రం పట్టులాగే లొంగుతుంది. కాబట్టి కుంకుడు మంచిదా, షాంపూ మంచిదా అని అడగడానికి ముందు, తలకు రాసుకునేది ఆమ్లమా క్షారమా, ఏ నీళ్లతో కడుగుతున్నాం అని అడగాలి. సీసా మీద ఆకుపచ్చ ఆకు బొమ్మ ఉందా లేదా అన్నది ఆ తర్వాతి సంగతి. జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల్లో ఈ రెండో ప్రశ్న, నీళ్ల ప్రశ్న, మిగతా చోట్ల కన్నా గట్టిగా అడగాల్సి వస్తుంది.

ముందు వెంట్రుకను కాస్త దగ్గరగా చూద్దాం. దాని మందం మీటరులో పదివేలో వంతుకు అటూ ఇటూగా, అంటే 50 నుంచి 100 మైక్రాన్లు. బయట పలుచని పొలుసులు కుదురు నుంచి కొస వైపు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉంటాయి, పెంకుటింటి కప్పు మీద పెంకుల్లా. ఈ పొర పేరు క్యూటికల్. కొస నుంచి కుదురు వైపు వేళ్లతో దువ్వితే గరుగ్గా తగిలేది ఈ పొలుసులే. లోపల కార్టెక్స్ ఉంటుంది. వెంట్రుకకు బలమూ, సాగే గుణమూ, నలుపూ అన్నీ అక్కడివే. పొలుసుల పైన కంటికి కనిపించని కొవ్వు పొర ఒకటి అతుక్కుని ఉంటుంది. పుట్టుకతో వచ్చిన ఆ కొవ్వే నీటిని జార్చేస్తుంది, వెంట్రుకకు వెంట్రుక రాసుకోకుండా నునుపు ఇస్తుంది. రంగు పోగొట్టే బ్లీచ్‌కీ గట్టి క్షారాలకీ ముందు బలయ్యేది అదే. కుదురు దాటి బయటికొచ్చిన వెంట్రుకలో ప్రాణం లేదు, కనుక పోయిన కొవ్వు తిరిగి రాదు. నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది కాబట్టి నడుము దాకా జడ ఉన్న మనిషి జడ కొసకు ఐదారేళ్ల వయసుంటుంది. అన్నేళ్ల ఎండా, దువ్వెనా, తలస్నానాలూ దాని మీద లెక్కకు వస్తాయి.

ఇప్పుడు పీహెచ్ సంగతి, అంటే ఆమ్లమా క్షారమా అని చెప్పే కొలత సంగతి. వెంట్రుక మీద విద్యుదావేశం సున్నా అయ్యే చోటు పీహెచ్ 3.67 దగ్గర ఉంటుందని కొలిచారు. అంతకన్నా పైకి వెళ్లే కొద్దీ వెంట్రుక రుణావేశం పెంచుకుంటుంది, ఒకే ఆవేశం ఉన్నవి కనుక వెంట్రుకలు ఒకదాన్నొకటి తోసుకుంటాయి, పొలుసులు లేస్తాయి, నీళ్లు లోపలికి చేరి కార్టెక్స్ ఉబ్బుతుంది. మాడు చర్మం పీహెచ్ సుమారు 5.5. ఒంటి సబ్బుది 9 నుంచి 10 దాకా ఉంటుంది. ఈ తేడాను ఇంట్లోనే చూడొచ్చు. తెల్ల కాగితానికి తడి పసుపు పూసి, ఆరబెట్టి, ముక్కలు చెయ్యండి. ఒక ముక్క మీద ఒంటి సబ్బు నురగ చుక్క వెయ్యండి, ఇంకోదాని మీద షాంపూ, మూడోదాని మీద కుంకుడు రసం, నాలుగోదాని మీద సీకాయ నానబెట్టిన నీళ్లు. సబ్బు పడిన చోట కాగితం క్షణంలో ఎర్రబడుతుంది. పసుపులో సున్నం కలిపి పారాణి చేసినప్పుడు వచ్చే ఎరుపు అదే. షాంపూ పడిన చోట మామూలుగా పసుపు పసుపుగానే ఉంటుంది, ఎందుకంటే చాలా షాంపూలను 5 నుంచి 7 మధ్య ఉండేలా తయారు చేస్తారు. కుంకుడు కాగితాన్ని కొంచెం గోధుమ రంగు చేస్తుందే కానీ ఎర్రగా చెయ్యదు. సీకాయ కూడా అంతే. ఈ రెండూ మెత్తని ఆమ్లాలు.

అంటే ఈ కాగితం ముక్కల మీద కుంకుడూ షాంపూ ఒక పక్కన నిలబడ్డాయి, సబ్బు రెండో పక్కన నిలబడింది. మన ఊళ్లలో తలకు పోసుకునేటప్పుడు ఇప్పటికీ ఎంతోమంది వాడేది ఆ రెండో పక్కదే. పొలం నుంచి వచ్చిన మగవాళ్లు ఒంటికి రుద్దిన సబ్బునే తలకూ రుద్దుకుంటారు, బడి పిల్లల తలలూ చాలా ఇళ్లలో దాంతోనే తోముతారు. పట్నాల్లో ఈమధ్య చేతితో చేసిన కొబ్బరి నూనె సబ్బు, మేకపాల సబ్బు అని సహజం పేరుతో ఖరీదైన సబ్బులు అమ్ముతున్నారు. పసుపు కాగితం వాటినీ ఎర్రగానే చూపిస్తుంది. నూనెను కాస్టిక్ సోడాతో కలిపి చేసే ఏ సబ్బైనా క్షారమే అవుతుంది. ఆ నూనె ఏ గానుగలో ఆడిందన్న దాంతో దానికి పని లేదు.

పప్పు ఉడకని నీళ్లు

ఈ జిల్లాలన్నీ ఉన్న పాలమూరు నేల ఎక్కువ భాగం నల్లరాయి, గ్రానైటు. దాని పగుళ్లలోంచి బోరు లాగే నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువ. ఆ నీళ్లకు పప్పు తొందరగా ఉడకదు, గిన్నె అడుగున తెల్లగా పొర కడుతుంది. అలాంటి నీళ్లలో సబ్బు రుద్దితే నురగ రాదు, తెల్లని తెట్టు తేలుతుంది. ఆ తెట్టు ఏమిటంటే, సబ్బులో సోడియం స్థానాన్ని కాల్షియం ఆక్రమించి నీటిలో కరగని కొత్త సబ్బు చేస్తుంది. మురికిని పట్టి నీళ్లలో కలపాల్సిన పదార్థం తానే మురికిగా మారి వెంట్రుక మీద కూర్చుంటుంది. ఎంత కడిగినా అదే బోరు నీళ్లతో కడుగుతున్నాం కనుక పోదు. ఆరిన తర్వాత జుట్టు జిగటగా, మొద్దుగా, మెరుపు లేకుండా ఉంటుంది. నీళ్లు పడలేదని జనం అనే మాటలో నిజం ఉంది. ఆ నీళ్లతో పాటు సబ్బుకూ అందులో వాటా ఉందని మాత్రం ఎవరూ అనరు.

వనపర్తి సంస్థానం సంగతి వచ్చినప్పుడు సప్త సముద్రాలని ఏడు చెరువులను చెప్పుకుంటారు. శ్రీరంగాపురం రంగనాయకస్వామి గుడిని ఆనుకుని ఉన్న రంగసముద్రం వాటిలో ఒకటి. చెరువు నీళ్లు వాన నీళ్లు, రాతి పొరల్లో ఏళ్ల తరబడి నానినవి కావు, కనుక వాటిలో కాల్షియం తక్కువ. చెరువు గట్టున తలస్నానం చేసిన కాలంలో అదే సబ్బుకు జుట్టు ఇంత మొండికెయ్యలేదు. బోర్లు వచ్చాక నీళ్లు మారాయి. 2016లో మొదలైన మిషన్ భగీరథ పైపుల్లో వచ్చేది కృష్ణ నీళ్లు. అవి బోరు నీళ్లకన్నా మెత్తన. తాగడానికని ఇచ్చే ఆ నీళ్లలో ఒక చెంబుడు చివరిసారి తల మీద పోసుకోవడానికి అట్టిపెట్టుకుంటే తేడా చేతికే తెలుస్తుంది. వాన నీళ్లు పట్టుకోగలిగితే ఇంకా మంచిది.

కుంకుడుకు ఈ నీళ్లలో తేడా ఎందుకు తక్కువో చెప్పాలి. కుంకుడు కాయ తొక్కలో సపోనిన్లు ఉంటాయి. ఆ అణువుకు ఒక చివర కొవ్వును ఇష్టపడే ట్రైటెర్పీన్ ముద్ద, దానికి అతుక్కుని నీటిని ఇష్టపడే చక్కెరల గొలుసు. కొవ్వు వైపు జిడ్డును పట్టుకుంటుంది, చక్కెర వైపు నీళ్లను పట్టుకుంటుంది, కడిగితే రెండూ కలిసి వెళ్లిపోతాయి. సబ్బులాగా కాల్షియంతో చేరి తెట్టు కట్టే బలమైన ఆవేశం ఈ చక్కెరలకు లేదు. అందుకే బోరు నీళ్లలో కూడా కుంకుడు నురగ నిలుస్తుంది.

షాంపూలో పనిచేసేది సాధారణంగా సోడియం లారెత్ సల్ఫేట్, లేదా దాని దగ్గరి చుట్టాలు. దీని కాల్షియం లవణం నీళ్లలో బాగానే కరుగుతుంది, కనుక తెట్టు కట్టదు. సబ్బు ఓడిపోయిన బోరు నీళ్లలో షాంపూ ఎందుకు గెలిచిందో ఇదొక్కటే చెబుతుంది. దీని పుట్టుక కూడా చెప్పుకోదగ్గది. లారెత్ అన్న మాటలోని పన్నెండు కార్బన్ల కొవ్వు గొలుసు చాలా వరకు కొబ్బరి నూనె నుంచో, పామ్ గింజల నూనె నుంచో వస్తుంది. చెట్టు నుంచి వచ్చిన అణువును ఫ్యాక్టరీలో మార్చి సీసాకెత్తారు. కుంకుడు అణువును చెట్టే తయారు చేసింది. జిడ్డును వదలగొట్టే సూత్రం మాత్రం రెండింటిలోనూ ఒక్కటే. సల్ఫేట్ వల్ల క్యాన్సర్ వస్తుందని ఫోన్లలో తిరిగే మాటకు ఆధారం లేదు. అది ఎక్కువ గాఢతలో, ఎక్కువసేపు ఉంటే చర్మాన్ని మండిస్తుంది, జుట్టును ఎండగొడుతుంది. గట్టిగా తీసిన కుంకుడు రసం కూడా సరిగ్గా అదే పని చేస్తుంది.

తేడా మోతాదులో ఉంది. షాంపూలో ఎంత ఉండాలో కొలిచి కలుపుతారు. నల్లమలలో ఒక చెట్టు కాయకూ ఇంకో చెట్టు కాయకూ సపోనిన్ ఒకేలా ఉండదు. కొత్త కాయ వేరు, రెండేళ్లు డబ్బాలో ఉన్న కాయ వేరు. అవ్వలు ఈ తేడాను చేత్తో కొలిచేవాళ్లు. గింజ తీసి, తొక్కను రాయితో నలగ్గొట్టి, వేడి నీళ్లలో నానబెట్టి, పిసికి, నురగ ఎత్తు చూసి ఇంకో చెంబు నీళ్లు పోసేవాళ్లు. పలుచని బట్టలో వడగట్టేవాళ్లు. వడగట్టకపోతే తొక్క నలుసులు జుట్టులో చిక్కుకుని దురద పెడతాయి. ముందు నూనె పెట్టి, ఒక పూట ఆగి, తర్వాత కుంకుడు పోసేవాళ్లు. ఆ వరసలో ఏ ఒక్కటి తప్పినా జుట్టు గడ్డిలా అవుతుందని వాళ్లకు తెలుసు. ఇవాళ వాళ్ల చేతి కొలత లేకుండా కుంకుడు పొడి ప్యాకెట్ ఒక్కటి తెచ్చుకుని, జుట్టు ఎండిపోయిందని దాన్ని తిట్టడం న్యాయం కాదు.

నాగర్‌కర్నూల్ జిల్లా అమ్రాబాద్ అడవుల్లో చెంచులు ఏరే అటవీ ఉత్పత్తుల్లో తేనె, తపసి బంక, చిల్లగింజలతో పాటు కుంకుడు కాయా ఉంది. ఇలాంటి ఉత్పత్తులను కొనడానికి 1956లో గిరిజన సహకార సంస్థ పుట్టింది. శాస్త్రజ్ఞులు సపిండస్ ఎమార్జినేటస్ అని పిలిచే ఆ చెట్టు నాటిన ఏడాదికో రెండేళ్లకో కాయదు, చాలా ఏళ్లు పడుతుంది. సహజమైనది కావాలని పట్నం అడిగే కొద్దీ అడవిలో కొమ్మలు నరికి కాయ దులిపే తొందర పెరుగుతుంది. ఈ మూడు జిల్లాల్లో పొలం గట్ల మీద, బడుల ఆవరణల్లో కుంకుడు మొక్కలు నాటే పని ప్రభుత్వం చేపట్టే మొక్కల పెంపకం కార్యక్రమాల్లో చేర్చదగ్గదని నా గట్టి అభిప్రాయం.

పొట్లం ఎలా వచ్చింది

సీసాలో ఉన్నంత కాలం షాంపూ మన ఊళ్లకు రాలేదు. కడలూరులో చిన్ని కృష్ణన్ అనే ఆయన చిన్న పొట్లాల్లో అమ్మే ఆలోచన చేశారు. ఆయన కొడుకు సి.కె. రంగనాథన్ 1983లో చిక్ షాంపూ మొదలుపెట్టారు. ఆయన కంపెనీయే తర్వాత కావిన్‌కేర్ అయ్యింది. అర్ధ రూపాయికి ఒక తలస్నానం అన్న లెక్క దక్షిణాది పల్లెలన్నింటినీ తాకింది. కూలికి వెళ్లే మనిషికి కుంకుడు నానబెట్టి, పిసికి, వడగట్టే వ్యవధి ఎక్కడిది? పొట్లం చింపి నెత్తి మీద పిండుకుంటే ఐదు నిమిషాల్లో పని అయిపోతుంది. వలస వెళ్లి బొంబాయిలోనో హైదరాబాదులోనో కట్టడం పనిలో ఉన్న పాలమూరు ఆడబిడ్డ తలస్నానాన్ని గురించి ఆలోచించినప్పుడు పొట్లాన్ని చిన్నచూపు చూసే హక్కు ఎవరికీ లేదనిపిస్తుంది. ఆమె జుట్టుకు అన్నిటికన్నా పెద్ద హాని చేసేది తల మీద మోసే సిమెంటు. తడి సిమెంటు పీహెచ్ 12 దాటుతుంది, సబ్బుకన్నా ఎన్నో రెట్లు క్షారం. తలపాగా గట్టిగా చుట్టుకోవడం, పని దిగిన వెంటనే పొడిగా దులిపి ఎక్కువ నీళ్లతో కడగడం ఆమెకు ఏ నూనెకన్నా, ఏ షాంపూకన్నా ఎక్కువ మేలు.

పొట్లానికి ఉన్న అసలు దోషం ఖాళీ అయ్యాక మొదలవుతుంది. పలు పొరల ప్లాస్టిక్ రేకు, ఏ పాత సామాను వాళ్లూ కొనరు. కృష్ణ ఒడ్డున బీచుపల్లి దగ్గరో, తుంగభద్ర ఒడ్డున అలంపూర్ దగ్గరో స్నానాల రేవుల్లో ఇలాంటి పొట్లాలే తేలుతుంటాయి. ఇది చర్మానికో జుట్టుకో సంబంధించిన లెక్క కాదు, నదికి సంబంధించిన లెక్క. దాన్ని కంపెనీలే చెల్లించాలి.

నూనెలో కూడా ఇలాంటి తిరకాసే ఉంది. జుట్టుకు అనాదిగా కొబ్బరి నూనె అని మనం అనుకుంటాం, కానీ పాలమూరు ఎర్ర చల్క నేలల్లో కొబ్బరి తోటలు లేవు. ఈ నేల పండించింది ఆముదం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆముదం సాగుకు మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాలే పేరు. బిజినపల్లి మండలం పాలెంలోని ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం నుంచి క్రాంతి, హరిత లాంటి ఆముదం రకాలు, పీసీహెచ్ 111 లాంటి సంకరాలు వచ్చాయి. ఇళ్లలో గింజలు వేయించి, దంచి, నీళ్లు పోసి మరగబెట్టి, పైకి తేలిన నూనెను గరిటెతో తీసి పెట్టుకునేవాళ్లు. దాన్నే వంటాముదం అంటారు. ఆముదం గింజలో రిసిన్ అనే భయంకరమైన విషం ఉంది. అది ప్రోటీన్ కనుక నూనెలో కరగదు, పిండిలోనే ఉండిపోతుంది. మరిగించినప్పుడు వేడికి విరిగిపోతుంది కూడా. అవ్వలకు రిసిన్ పేరు తెలియదు, పద్ధతి మాత్రం సరిగ్గా తెలుసు.

ఆముదంలో తొంభై శాతానికి దగ్గరగా రిసినోలిక్ ఆమ్లం ఉంటుంది. ఆ చిక్కదనమంతా దానిదే. ఆముదం రాస్తే జుట్టు ఒత్తుగా పెరుగుతుందన్న మాటకు నమ్మదగిన ఆధారం దొరకలేదు. అది వెంట్రుకకు పూత పట్టి లావుగా కనిపించేలా చేస్తుంది, పొలుసులను మూస్తుంది. మితిమీరితే ఎదురుతిరుగుతుంది. 2017లో ఇంటర్నేషనల్ జర్నల్ ఆఫ్ ట్రైకాలజీ అనే పత్రికలో మన దేశపు వైద్యులు ఒక యువతి కేసు రాశారు. పొడవాటి జుట్టుకు ఆముదం పట్టించి కడుక్కున్నాక అది రాయిలా ముద్దకట్టి, విప్పడానికి వీలుకాక కత్తిరించాల్సి వచ్చింది. అందుకే పలుచని నూనెలో కొద్దిగా కలిపి వాడే పాత అలవాటే మేలు.

కొబ్బరి నూనె మీద మాత్రం మంచి ప్రయోగం ఉంది. ఆర్తి రెలే, మోహిలే అనే పరిశోధకులు 2003లో కొబ్బరి నూనె, పొద్దుతిరుగుడు నూనె, మినరల్ ఆయిల్ మూడింటినీ వెంట్రుకలకు పట్టించి, కడిగి, దువ్వి, ఎంత ప్రోటీన్ పోయిందో కొలిచారు. తలస్నానానికి ముందు రాసినా, తర్వాత రాసినా ప్రోటీన్ నష్టాన్ని తగ్గించింది కొబ్బరి నూనె ఒక్కటే. కొబ్బరి నూనెలో దాదాపు సగం లారిక్ ఆమ్లం. పన్నెండు కార్బన్ల తిన్నని చిన్న గొలుసు కనుక వెంట్రుక లోపలికి దూరగలదు. లోపల అది ఉంటే నీళ్లు తక్కువ చేరతాయి, ఉబ్బు తగ్గుతుంది. ఈ ప్రయోగం చేసినవాళ్లు కొబ్బరి నూనె అమ్మే మారికో కంపెనీలో పనిచేసేవాళ్లని కూడా పాఠకులు తెలుసుకోవాలి. ఫలితానికి చెప్పిన కారణం రసాయన శాస్త్రానికి సరిపోతోంది, అందుకే నేను దాన్ని నమ్ముతాను. షాంపూ సల్ఫేట్‌లో ఉన్నది కూడా ఈ పన్నెండు కార్బన్ల గొలుసే అని పైన చూశాం. ఒకే గొలుసు ఒక రూపంలో జిడ్డును కడుగుతుంది, ఇంకో రూపంలో ఆ కడుగుడు నుంచి వెంట్రుకను కాపాడుతుంది.

ఉంగరాల జుట్టున్న వాళ్లకు ఈ సంగతి ఎక్కువ పనికొస్తుంది. మాడు మీద ఊరే జిడ్డు తిన్నని వెంట్రుక మీద కొస దాకా జారుతుంది. మెలికలున్న వెంట్రుక మీద దారిలోనే ఆగిపోతుంది, కొసలు ఎప్పుడూ పొడిబారి ఉంటాయి. ప్రతి మెలిక దగ్గరా విరిగే ప్రమాదం ఉంది. ఇలాంటి జుట్టును రోజూ షాంపూతో కడగొద్దు, పొడిగా ఉన్నప్పుడు సన్నని దువ్వెన పెట్టొద్దు. తలస్నానం ముందు కొబ్బరి నూనె, తర్వాత కండిషనర్ రాసి వెడల్పు పళ్ల దువ్వెనతో చిక్కు తియ్యాలి. కండిషనర్‌లో ధనావేశం ఉన్న అణువులుంటాయి, అవి రుణావేశం ఉన్న వెంట్రుకకు అతుక్కుని నునుపు ఇస్తాయి. మందారాకు నూరితే వచ్చే జిగురు కూడా జారుడు ఇస్తుంది, కానీ అది కడిగితే పోతుంది. ఇక్కడ ఫ్యాక్టరీ సరుకే మెరుగు అని చెప్పడానికి నాకు సంకోచం లేదు.

ఇక, చెట్టుది కనుక హాని లేదనే నమ్మకం ఎంత ప్రమాదమో ఈ నేలే చెబుతుంది. పాలమూరు గుట్టలు సీతాఫలానికి పేరుపడ్డవి, బాలానగర్ పేరుతో ఒక రకమే ఉంది. సీతాఫలం గింజలు నూరి పేల మందుగా తలకు పట్టించడం చాలా ఊళ్లలో ఉన్న అలవాటు. పేలు చస్తాయి, నిజమే. ఆ గింజల్లోని అసిటోజెనిన్లు కణాల్లో శక్తి తయారయ్యే ప్రక్రియనే ఆపేస్తాయి. అదే పొడి తడిసి కంట్లోకి జారితే నల్లగుడ్డు పై పొర ఊడిపోయి, భరించలేని నొప్పితో కళ్లు తెరవలేని స్థితి వస్తుంది. కంటి వైద్యుల పత్రికల్లో ఇలాంటి కేసులు ఎన్నో ఉన్నాయి, ఎక్కువగా ఆడవాళ్లూ ఆడపిల్లలే. పేలకు మందుల షాపులో దొరికే పర్మెత్రిన్ లోషన్, తడి తలలో పేల దువ్వెన చాలు. సీతాఫలం గింజ జోలికి ఎవరూ పోవద్దు. కుంకుడు రసం కంట్లో పడితే అంత ప్రమాదం లేకపోయినా మంట తక్కువేం కాదు. సపోనిన్ కణాల పొరలను కరిగిస్తుంది, కుంటల్లో చేపలు పట్టడానికి కొన్ని సపోనిన్ చెట్ల తొక్కలను వాడింది ఆ గుణం వల్లే. ఏడ్చే పిల్లల నోట్లో ఉప్పు కల్లు పెట్టి ఊరుకోబెట్టే అలవాటు మనకు ఉంది. దాంతో ఆగకుండా ఎక్కువ నీళ్లతో కళ్లు కడగాలి.

నల్ల గోరింట విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. గోరింటాకులోని లాసోన్ కెరటిన్‌కు అతుక్కుని ఎరుపు ఇస్తుంది, నలుపు ఇవ్వదు. గోరింట అని పేరు పెట్టి నిమిషాల్లో నలుపు తెచ్చే పొడి అమ్ముతున్నారంటే అందులో సాధారణంగా పారా ఫినైలీన్ డయమైన్ ఉంటుంది. అది పడని వాళ్లకు ముఖమంతా వాచి, మాడు రసి కారుతుంది. మన దేశ చట్టం ప్రకారం ఇలాంటి రంగుల మీద ముందుగా చర్మం మీద పరీక్ష చెయ్యాలనీ, కనురెప్పల వెంట్రుకలకూ కనుబొమలకూ వాడొద్దనీ హెచ్చరిక ముద్రించాలి. చెవి వెనక చుక్క రాసి 24 గంటలు ఆగడం ఆ పరీక్ష. పొడి పొట్లం మీద ఆ హెచ్చరిక లేకుంటే కొనకండి.

జుట్టు రాలడానికి నూనెనో నీళ్లనో నిందించే ముందు ఒంటినీ చూడాలి. రోజుకు 50 నుంచి 100 వెంట్రుకలు రాలడం మామూలే. వాటిని గోడ సందులో దాచి, వెంట్రుకలు కొనేవాడు వచ్చినప్పుడు స్టీలు గిన్నె తీసుకునే ఆడవాళ్లకు అది బాగా తెలుసు. టైఫాయిడో డెంగీయో వచ్చిన రెండు మూడు నెలలకు, కాన్పైన తర్వాత గుప్పెళ్లుగా ఊడుతుంది, తర్వాత తిరిగొస్తుంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15–49 ఏళ్ల ఆడవాళ్లలో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నారు. ఇనుము తక్కువైన ఒంటికి ఏ షాంపూ, ఏ కుంకుడు జుట్టును ఇవ్వలేవు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో హిమోగ్లోబిన్ చూపించుకోవడం అన్నిటికన్నా ముందు. చుండ్రుకు నూనె పట్టించడం కూడా ఎక్కువగా ఎదురు దెబ్బే. చుండ్రుతో కలిసి మాడు మీద బతికే మలసేజియా అనే శిలీంధ్రం ఆహారం కొవ్వే. దానికి కీటోకొనజోల్ షాంపూ పనిచేస్తుంది, కుంకుడు కాదు.

హెర్బల్ అని రాసి ఉన్న షాంపూ సీసాను తిప్పి వెనక చిన్న అక్షరాలు చదవండి. పదార్థాలను ఎక్కువ ఉన్నదాని నుంచి తక్కువ ఉన్నదానికి వరసగా రాస్తారు. నీళ్లు మొదట, సల్ఫేట్ దాని వెంటనే, కుంకుడు సారం ఎక్కడో కింద. ఇందులో మోసపోవడమంతా ముందు బొమ్మను చూసి ఎక్కువ డబ్బు ఇవ్వడంలోనే ఉంది, సరుకులో ప్రమాదమేమీ లేదు. ఇంట్లో చేసిన కుంకుడు రసాన్ని సీసాలో పోసి వారాల తరబడి వాడితే మాత్రం ప్రమాదమే. చక్కెరలున్న నీళ్లు కనుక ఒకటి రెండు రోజుల్లోనే సూక్ష్మజీవులు పెరుగుతాయి. అది ఏ పూటకు ఆ పూట చేసుకోవాల్సింది.

వీటన్నిటికన్నా నాకు భయం పుట్టిస్తున్నది ఇప్పుడు చిన్న పట్టణాల దాకా వస్తున్న స్మూతెనింగ్, కెరటిన్ ట్రీట్‌మెంట్ బోర్డులు. వేడితో, మందుతో జుట్టును తిన్నగా చేసే ఈ పనిలో కొన్ని క్రీములకు ఫార్మాల్డిహైడ్, కొన్నింటికి గ్లైఆక్సిలిక్ యాసిడ్ ఆధారం. అమెరికాలో 33,497 మంది స్త్రీలను దాదాపు పదకొండేళ్లు గమనించి 2022లో ప్రచురించిన సిస్టర్ స్టడీలో, జుట్టు సాగదీసే మందులు తరచుగా వాడినవాళ్లలో డెబ్భై ఏళ్లకు గర్భాశయ క్యాన్సర్ వచ్చే అవకాశం 4.05 శాతం ఉండగా, ఎప్పుడూ వాడని వాళ్లలో 1.64 శాతమే ఉందని లెక్క తేలింది. ఆ మందులే కారణమని అది నిరూపించలేదు, కానీ జాగ్రత్తపడటానికి ఆ తేడా చాలు. 2024లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో 26 ఏళ్ల యువతి గురించి వచ్చింది. మూడుసార్లు సెలూన్‌కు వెళ్లి జుట్టు సాగదీయించుకుంది, మూడుసార్లూ మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. ఆ క్రీములో పది శాతం గ్లైఆక్సిలిక్ యాసిడ్ ఉంది. అదే క్రీమును ఎలుకల మీద రాసి చూసినప్పుడు వాటి మూత్రపిండాల్లో ఆక్సలేట్ స్ఫటికాలు కనిపించాయి. కొందరు దీన్ని ఫార్మాల్డిహైడ్ లేని సురక్షితమైన పద్ధతి అని చెప్పి చేస్తున్నారు. పెళ్లి ముందు రోజు కూతురిని పార్లర్‌కు తీసుకెళ్లే తల్లులు క్రీము డబ్బా చేతికి తీసుకుని, వెనక గ్లైఆక్సిలిక్ అన్న మాట ఉందేమో వెతకాలి. ఉంటే లేచి ఇంటికి రావాలి. మెలికలున్న జుట్టుతోనే పెళ్లి పీటల మీద కూర్చుంటే ఆ పిల్లకు వచ్చే లోటేమీ లేదు.